మోటార్‌హోమ్ మురుగు పైపు ఎక్కడ పెట్టాలి? బండిలో అమ్మ కూడా ప్రయాణం చేస్తుంది

ప్రశ్న: నాచారం ప్రెస్

అందరికీ నమస్కారం. వినడానికి చిన్న విషయమే, కానీ రెండు నెలలుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

మాది హైదరాబాద్, నాచారం. చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. రెండేళ్ళ కిందట ఒక పాత ట్రావెలర్ బండి కొని, సీట్లు పీకించి, మోటార్‌హోమ్‌గా కట్టించుకున్నాం. షోకు కోసం కట్టించింది కాదు. అమ్మకు 74 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ మార్చారు, కింద కూర్చోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. హైవే మీద దాబాల్లో, పెట్రోల్ బంకుల్లో కమోడ్ దొరకడమే కష్టం, దొరికినా చాలాచోట్ల తలుపుకు గడియ ఉండదు. అందుకని ఆవిడ ఊరికి బయల్దేరాలంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేసేది. సూర్యాపేటలో అక్క ఇంటికి చేరేసరికి పెదాలు ఎండిపోయి ఉండేవి. ఒకసారి అలాగే వెళ్ళొచ్చి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో పడుకుంది. బండి ఆలోచన నాకు ఆ ఆస్పత్రి వరండాలోనే వచ్చింది.

బండి బాగానే కుదిరింది. వెనక ఎడమ మూలన బాత్రూమ్, కమోడ్, లేచేటప్పుడు పట్టుకోవడానికి రెండు స్టీలు కడ్డీలు. కింద రెండు ట్యాంకులు. లెట్రిన్‌ది 60 లీటర్లు, సింకు, స్నానం నీళ్ళది 80 లీటర్లు. దేని వాల్వు దానిదే, కానీ రెండూ కలిసి బయటికి వచ్చే మూతి ఒక్కటే, మూడంగుళాలది. ఆ మూతికి తగిలించే మడతల పైపును మా బావగారు డాలస్ నుంచి వస్తూ సూట్‌కేసులో పెట్టుకొచ్చారు. సాగదీస్తే పదడుగులు, నొక్కితే మూడడుగుల పైచిలుకు. రెండు చివర్లా చెవులున్న బిగింపులు ఉంటాయి, తిప్పితే పట్టుకుంటాయి.

గ్యాస్ సిలిండర్‌కు, బ్యాటరీకి, స్టెప్నీకి అన్నిటికీ చోటు చూసి కట్టించాను. ఈ పైపు సంగతి మాత్రం నాకు తట్టలేదు, కట్టినవాళ్ళూ అడగలేదు. దాంతో దాన్ని ఒక బియ్యం బస్తాలో దూర్చి, వెనక డిక్కీలో పెడుతూ వచ్చాను.

కార్తీకంలో శ్రీశైలం వెళ్ళాం. దర్శనం బాగా అయింది. తిరుగు ప్రయాణంలో, దిగిన సత్రం వాళ్ళ అనుమతితో వాళ్ళ సెప్టిక్ ట్యాంకు చాంబర్‌లోకి ట్యాంకులు ఖాళీ చేశాను. రాత్రి తొమ్మిదికి అడవి దారి మూసేస్తారు, ఆలోగా మన్ననూరు చెక్‌పోస్టు దాటాలని తొందర. పైపును ఒకసారి దులిపి, మూతలు పెట్టి, బస్తాలో వేసి బయల్దేరాను. డ్యాం దాటి ఈగలపెంట వైపు ఎక్కే మలుపుల్లో బస్తా పక్కకు ఒరిగింది. ఒక చివర మూత ఊడిపోయింది. మడతల్లో నిలిచిన నీళ్ళు, కొలిస్తే అరలీటరు కూడా ఉండవు. కానీ అవి రబ్బర్ మ్యాట్ గాళ్ళ వెంట మెల్లగా పాకి అమ్మ సంచీ అడుగుకు చేరాయి. సంచీలో ప్రసాదం, విభూతి పొట్లం, ఉతికి మడతపెట్టిన నేత చీర ఉన్నాయి.

అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. "పోనీలేరా, ఉతికితే పోతుంది" అంది. ఆ తర్వాత మాత్రం బండి ఎక్కలేదు. ఎప్పుడు అడిగినా మోకాళ్ళు సలుపుతున్నాయంటుంది. పోయిన వారం మేనకోడలి కూతురి ఓణీల ఫంక్షన్ ఉంటే సూర్యాపేటకు బస్సులో వెళ్ళింది. ఆ పొద్దున ఆవిడ మంచం పక్కన రాగి చెంబు చూశాను. రాత్రి నింపిపెట్టిన నీళ్ళు అంచు దాకా అలాగే ఉన్నాయి.

నేను అడిగేది ఇది. ఈ పైపు బండి లోపల ఉండకూడదు. వాసన రాకూడదు, కారకూడదు. తీయడానికీ పెట్టడానికీ రోడ్డు మీద పడుకోవాల్సిన పని ఉండకూడదు. ఛాసిస్ కింద నాలుగంగుళాల పీవీసీ పైపు ఒకటి బిగించి, అందులో దీన్ని దోపేద్దామని నా ఆలోచన. ఇంటి డ్రైనేజీకి వేసే 110 ఎంఎం పైపు ముక్క నా దగ్గర ఉంది. ఎవరైనా చేసి చూశారా? బిగించాక చిక్కులు వస్తాయా?

జవాబు: కృష్ణానగర్ కారవాన్ డ్రైవర్

అన్నా నమస్తే. నేను సినిమా షూటింగులకు కారవాన్ నడుపుతాను, పదకొండేళ్ళయింది. పెద్ద పెద్దవాళ్ళు ఎక్కే బండి, వాసన వచ్చిందంటే ఆ రోజు నా పని అయిపోయినట్టే. అందుకని నా అనుభవం చెప్తాను.

పైపు ఎక్కడ పెట్టాలనేది తర్వాత చూద్దాం. ముందు అందులో చుక్క నీళ్ళు మిగలకుండా చూసుకోవాలి. మీ మడతల పైపుకు ప్రతి మడతా ఒక చిన్న గిన్నె లాంటిది. దులిపితే అది ఖాళీ అవదు.

మొదట లెట్రిన్ ట్యాంకు వదలాలి. అది పూర్తిగా పోయాకే సబ్బునీళ్ళ ట్యాంకు తెరవాలి. ఆ సబ్బునీళ్ళే పైపును కడిగేస్తాయి. కొంతమంది సబ్బునీళ్ళు నిండగానే ముందే వదిలేస్తారు, ఆ పని చెయ్యకండి. లెట్రిన్ ట్యాంకు వదిలే రోజుకు కనీసం సగం ట్యాంకు సబ్బునీళ్ళు దాచుకోండి. తర్వాత రెండు వాల్వులూ మూసి, బండి వైపు బిగింపు ముందు విప్పండి. గుంట వైపు చివర అందులోనే ఉండాలి. బండి వైపు చివరను భుజం ఎత్తుకు లేపి, బావిలో తాడు చేదినట్టు ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి మార్చుకుంటూ గుంట దాకా నడవండి. నీళ్ళన్నీ ముందుకు జారిపోతాయి. పైనుంచి ఒక బకెట్ మామూలు నీళ్ళు పోసి, మళ్ళీ అదే పని చెయ్యండి. రెండుసార్లు నడిస్తే మడతల్లో ఏమీ ఉండదు.

ఇంకొకటి. గుంటలోంచి పైపు పైకి తీయకముందే పై చివరకు మూత పెట్టేయాలి. కింది చివర పైకి రాగానే దానికీ మూత. మూతలు ఊడి ఎక్కడో పడిపోతుంటాయి, అందుకని నైలాన్ తాడు ముక్కతో పైపుకే కట్టేసుకున్నాను. గ్లౌజులు మోచేతి దాకా ఉండేవి కొనండి. పైపుకు వాడిన గ్లౌజుతో నీళ్ళ ట్యాంకు మూత ముట్టుకోవద్దు.

నేను వాడేది మీలాంటి మడతల పైపు కాదు. రాణిగంజ్‌లో పొలం మోటార్లకు అమ్మే ఆకుపచ్చ సక్షన్ పైపు, మూడంగుళాలది. లోపల నున్నగా ఉంటుంది కాబట్టి నీళ్ళు నిలవవు. కానీ నొక్కితే చిన్నదవదు, మడవకుండా పొడుగ్గానే పడుకోబెట్టాలి. మాది పెద్ద బండి, పొడుగునా రేకు పెట్టె ఉంది కాబట్టి సరిపోయింది. ట్రావెలర్‌కు మీ పైపే మంచిది.

పెట్టె ఎక్కడ పెట్టినా, ట్యాంకు మూతి ఉన్న వైపే పెట్టండి. పైపు పట్టుకుని బండి చుట్టూ తిరగకూడదు. దారిలో ఎక్కడైనా ఖాళీ చెయ్యాల్సి వస్తే రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎత్తకండి అన్నా. అందులో గ్యాస్ ఉంటుంది, వంగి చూసిన మనిషి లేవడు. వాన నాలాలో కూడా వదలకండి, అది నేరుగా చెరువుకే పోతుంది. సెప్టిక్ ట్యాంకు ఉన్నచోట అడిగి వదలడం, లేదంటే సెప్టిక్ ట్యాంకర్ బండిని పిలిపించుకోవడం, ఇవే దారులు.

జవాబు: అల్వాల్ నుంచి

ఇంత శ్రమ ఎందుకండీ? క్యాసెట్ టాయిలెట్ పెట్టించుకోండి. సుమారు 20 లీటర్ల పెట్టె, సూట్‌కేసులా బయటికి లాగి, తీసుకెళ్ళి మామూలు టాయిలెట్‌లో పోసి కడుక్కోవడమే. పైపే అక్కర్లేదు. మా బండిలో అదే ఉంది, ఇద్దరమే కాబట్టి హాయిగా సరిపోతోంది.

జవాబు: నాచారం ప్రెస్

అల్వాల్ గారూ, బండి కట్టించేటప్పుడు ముందు దాన్నే చూశాను. అమ్మ ఒప్పుకోలేదు. "నేను వెళ్ళినది నా కొడుకు చేత్తో మోయించుకోనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు అందులో ఏ చిన్నతనమూ లేదని ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ మనసు నొచ్చుకునే పని వద్దనుకున్నాను. మీ సలహా మంచిదే, మిగతావాళ్ళకు పనికొస్తుంది.

కృష్ణానగర్ అన్నా, తాడు చేదినట్టు అన్న ఒక్క మాటతో నా తప్పు నాకు తెలిసింది. నేను సబ్బునీళ్ళే ముందు వదిలేస్తూ వచ్చాను.

జవాబు: కూకట్‌పల్లి, గతంలో టెక్సస్

మేము తొమ్మిదేళ్ళు టెక్సస్‌లో ఉన్నాం. ఆయనా నేనూ సెలవులకు ట్రైలర్ కట్టుకుని తిరిగేవాళ్ళం, కాబట్టి ఈ పైపుతో బాగా పరిచయం. అక్కడ చాలా ట్రైలర్లకు వెనక బంపరే నాలుగంగుళాల చదరపు ఇనుప గొట్టం. లోపల ఖాళీ, రెండు చివర్లా ప్లాస్టిక్ మూతలు. కంపెనీవాళ్ళే పైపు అందులో పెట్టుకోమని ఇస్తారు. చూడటానికి ఎంతో నీటుగా ఉంటుంది. కానీ తడి పైపు పెట్టీ పెట్టీ బంపర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. మా మూడో ఏడాది ఆ బంపర్ అడుగున బొటనవేలు పట్టేంత చిల్లు పడింది. మూతలు కూడా దారిలో ఎక్కడో ఊడిపోయాయి. పైగా కొన్ని పైపుల బిగింపుల చెవులు అందులో దూరనే దూరవు.

అందుకని చాలామంది బంపర్ వదిలేసి, కంచె స్తంభాలకు వాడే చదరపు ప్లాస్టిక్ గొట్టం కొని బండి కింద బిగించుకునేవారు. మేమూ అదే చేశాం. ప్లాస్టిక్ కాబట్టి తుప్పు లేదు. అడుగున చిల్లులు మాత్రం తప్పకుండా పెట్టండి. గాలి ఆడకపోతే మీరు ఎంత కడిగి పెట్టినా, నెల తర్వాత మూత తీసినప్పుడు ఒక ముక్కవాసన కొడుతుంది. చిల్లులు పెడితే వాటికి జాలి కూడా ఉండాలి. మన దగ్గర బల్లులూ కందిరీగలూ ఇలాంటి గొట్టాలు కనిపిస్తే కాపురం పెట్టేస్తాయి.

మంచినీళ్ళ పైపు గురించి మీరు ఏమీ రాయలేదు. అది ఎక్కడుంది? దీని పక్కనే ఉంటే మాత్రం రేపే మార్చండి. అక్కడ తాగే నీళ్ళ పైపు తెలుపో నీలమో ఉంటుంది, దాన్ని మురుగు పైపున్న అరలో ఎవరూ పెట్టరు. మురుగు పైపు కడగడానికి కూడా ఆ నీళ్ళ పైపు వాడకూడదు, దానికి వేరే పాత పైపు ముక్క ఉంచుకుంటారు. మీ అమ్మగారికి మడి ఎంత పట్టింపో నాకు తెలియదు కానీ, ఈ విషయంలో ఆవిడ పట్టింపూ డాక్టర్ల మాటా ఒక్కటే.

అప్పుడప్పుడు పలచటి బ్లీచింగ్ నీళ్ళతో కడగొచ్చు. ఆ రోజు బాత్రూమ్ యాసిడ్ మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బండి బాత్రూమ్ అంత చిన్నచోట అది ప్రాణం మీదికి తెస్తుంది.

జవాబు: రాణిగంజ్ పైపుల షాపు

సార్, మీ 110 ముక్క పక్కన పెట్టండి. అది ఈ పనికి రాదు.

మీ పైపు మూడంగుళాలదే కావచ్చు, కానీ మీరు దూర్చాల్సింది దాని చివర ఉన్న బిగింపును. దాని చెవులతో కలిపి టేపు పెట్టి కొలవండి, 110 దాటుతుంది. 110 ఎంఎం అనేది బయటి కొలత, లోపల ఇంకా తగ్గుతుంది. డ్రైనేజీ పైపుల్లో, అంటే మేము ఎస్‌డబ్ల్యూఆర్ అని అమ్మేవాటిలో, 110 తర్వాత మామూలుగా దొరికేది 160. లోపల 150 పైనే ఉంటుంది. చెవులతో సహా హాయిగా పోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్‌లో ఏ టైపు, బీ టైపు అని రెండు రకాలు. ఏ టైపు పలచన, వాన నీళ్ళకూ గాలి గొట్టాలకూ వాడతారు. బీ టైపు మందం, లెట్రిన్ లైన్లకు వేస్తారు. బండి అదురుకు మీరు బీ టైపే తీసుకోండి, కొంచెం బరువైనా సరే. చాలా షాపుల్లో పదడుగుల ముక్క దొరుకుతుంది, అందులో మీకు కావలసింది కోయించుకుని మిగతాది వదిలేయొచ్చు.

వెనక చివరకు మరలతో తిప్పి తెరిచే మూత పెట్టుకోండి. ముందు చివరకు మామూలు మూత అంటించేయండి. రబ్బర్ రింగ్ ఉన్న మూత అయితే దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది, అప్పుడు దానికి ఇంజన్ ఆయిల్, గ్రీజు పూయకండి, రబ్బర్ ఉబ్బి పాడవుతుంది. సబ్బునీళ్ళు చాలు.

ఎండ తగిలేచోట అయితే తెల్ల పెయింట్ వెయ్యండి. మన మే నెల ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది.

జవాబు: నాచారం ప్రెస్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. పని అయింది. మీ అందరికీ ముందుగా చేతులెత్తి నమస్కారం. ఇలాంటి పని మీద వెతుక్కునేవాళ్ళు ఇంకా ఉంటారు కాబట్టి చేసింది చేసినట్టు రాస్తాను.

రాణిగంజ్ గారు చెప్పిన రోజే టేపు పెట్టి కొలిచాను. చెవులతో కలిపి నా బిగింపు 120కి దగ్గరగా ఉంది. 110 ముక్కతో వెళ్ళి ఉంటే ఫిట్టింగ్ ఛార్జీ మొత్తం దండగయ్యేది. 160 బీ టైపు తీసుకుని నాలుగడుగులకు కోయించాను. నొక్కిన పైపు 40 అంగుళాలు వచ్చింది, మిగతాది చెయ్యి పెట్టి పట్టుకోవడానికి.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక పెద్దాయన బిగించారు. ఛాసిస్‌కు చిల్లు పెట్టనన్నారు, వెల్డింగ్ కూడా వద్దన్నారు. ఛాసిస్ బలం పోతుందట. అడ్డ కమ్మీలను చుట్టి వచ్చేలా మూడు యూ క్లాంపులు చేసి, వాటికీ పైపుకూ మధ్య పాత లారీ ట్యూబు ముక్కలు కోసి పెట్టారు. అదురుకు పైపు చిట్లకుండా ఉంటుందని. ఎడమ వైపున, బాత్రూమ్ సరిగ్గా కిందే, సైలెన్సర్‌కు దూరంగా పెట్టించాం. టైరు బురద కొట్టకుండా ముందు ఒక రబ్బర్ పట్టీ వేలాడుతోంది. బండి అంచు దాటి బయటికి ఒక్క అంగుళం కూడా రాలేదు. ముందు వైపు కన్నా వెనక వైపు ఒక అంగుళం కిందికి ఉంది, నీళ్ళు ఏవైనా మిగిలితే మూత వైపు జారతాయి. అడుగున ఐదు చిల్లులు పెట్టి, లోపలి నుంచి స్టీలు దోమల జాలి అంటించాం.

మొదటిసారి పెట్టి చూసినప్పుడు ఒక చిక్కు వచ్చింది, అది మీలో ఎవరూ చెప్పలేదు. పైపును నొక్కి లోపలికి తోశాను, మూత పెట్టాను. తెల్లారి తీద్దామని చూస్తే అది లోపల స్ప్రింగులా సాగి, గొట్టం నిండా బిగుసుకుని కూర్చుంది. బిగింపు లోపలికి వెళ్ళిపోయింది, వేళ్ళకు అందదు. చెయ్యి మోచేతి దాకా పెట్టి లాగితే మడతలు గోడకు పట్టుకుని ఇంకా బిగుసుకుంటున్నాయి. పావుగంట పట్టింది. అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని ఇదంతా చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం అటక మీద వెతికి, మా అబ్బాయి పాత స్కూలు బ్యాగు బెల్టులు రెండు కత్తిరించి తెచ్చిచ్చింది. "బొంతను చుట్టి కట్టినట్టు కట్టు, అప్పుడు సాగదు" అంది. నిజంగానే అంతే. పైపును పూర్తిగా నొక్కి, రెండు చివర్ల బిగింపులూ కలిపి పొడుగునా ఒక బెల్టు బిగిస్తే అది కదలదు. రెండో బెల్టు ముందు చివరకు కట్టి, దాని కొసను మూత దగ్గర ఉచ్చులా వదిలాను. ఆ ఉచ్చు పట్టుకుని లాగితే పైపు మొత్తం వెనక నుంచి తోసినట్టు బయటికి వస్తుంది. ఇప్పుడు నిలబడి, కొంచెం నడుం వంచితే చాలు.

కూకట్‌పల్లి అమ్మా, మీరు అడిగింది నిజమే. మంచినీళ్ళ పైపు అదే డిక్కీలో, ఆ బస్తా పక్కనే ఉండేది. రాయడానికే బాధగా ఉంది. దాన్ని పారేసి కొత్త నీలం పైపు కొన్నాను. అది ఇప్పుడు కుడివైపు, డ్రైవర్ తలుపు వెనక పెట్టెలో ఉంటుంది. అమ్మ దానికి పసుపు దారం కట్టింది. ఎవరు సాయానికి వచ్చినా దారం ఉన్నది తాగే నీళ్ళదని చెప్పక్కర్లేదు. డిక్కీని మూడుసార్లు కడిగాను. పాత మ్యాట్ తీసేసి గాళ్ళు లేని నున్నటి మ్యాట్ వేశాను.

పైపు, మూతలు, క్లాంపులు, కూలీ అంతా కలిపి ఆరు వేలు దాటలేదు. 110 ముక్క వృథా పోలేదు. రెండు మూతలు పెట్టి గ్లౌజుల కోసం పక్కనే బిగించాం.

జవాబు: కృష్ణానగర్ కారవాన్ డ్రైవర్

చాలా సంతోషం అన్నా. ఆ బెల్టు ఉపాయం మా వాళ్ళకు కూడా చెప్తాను. రెండు సంగతులు అడుగుతాను. స్పీడ్ బ్రేకర్‌కు తగలడం లేదా? మన కాలనీల్లో కొన్ని మరీ ఎత్తుగా ఉంటాయి. రెండోది, బండి నిండా మనుషులు ఎక్కాక చూశారా? ఖాళీ బండికి తగలనిది లోడు పడితే తగులుతుంది.

జవాబు: నాచారం ప్రెస్

మంచి మాట అడిగారు. ఖాళీ బండితో హబ్సిగూడ దాకా వెళ్ళొస్తే ఏమీ తగల్లేదు. నీళ్ళ ట్యాంకు నింపి, అందరం ఎక్కాక మాత్రం మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక మూత గీసుకుంది. చిన్న గీతే. వెంటనే ఆటోనగర్ తీసుకెళ్తే క్లాంపుల దగ్గర ట్యూబు మడతలు తగ్గించి, గొట్టాన్ని ముప్పావు అంగుళం పైకి లేపారు. వాలు అలాగే ఉంచారు. ఇప్పుడు నిండు లోడుతో కూడా తగలడం లేదు. ఎవరు చేయించుకున్నా కొలతలు నిండు బండితోనే తీయించుకోండి.

మొన్న ఆదివారం ఆ నిండు లోడుతోనే సూర్యాపేట వెళ్ళాం. అమ్మ కూడా వచ్చింది. బయల్దేరే ముందు డిక్కీ తెరిచి, లోపల చెయ్యి పెట్టి చూసి, తన సంచీ తనే పెట్టుకుంది. చౌటుప్పల్ దాటాక బాత్రూమ్‌కు వెళ్ళొచ్చి, నీళ్ళ సీసా అడిగి తీసుకుంది. అక్క వాళ్ళింటి సెప్టిక్ ట్యాంకులో ఖాళీ చేశాను. మొదట లెట్రిన్‌ది, తర్వాత సబ్బునీళ్ళు, భుజం మీద చేదుకుంటూ రెండు నడకలు. ఇంటికొచ్చి మర్నాడు మూత తీసి చూస్తే గొట్టం లోపల పొడిగా ఉంది. ఒక్క చిల్లు దగ్గర మాత్రం జాలి కొస లేచింది, దాన్ని మళ్ళీ అంటించాలి. ఏ గమ్ అయితే తడికి ఊడకుండా ఉంటుందో రాణిగంజ్ గారు చెప్తే రేపే తెచ్చుకుంటాను.

జవాబు: రాణిగంజ్ పైపుల షాపు

గమ్ వద్దు సార్. జాలిని చిల్లు కన్నా పెద్దగా కత్తిరించి, లోపలి నుంచి పెట్టి, వాషర్ వేసి రెండు చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించండి. స్క్రూ కొన లోపలికి పొడుచుకురాకుండా చూసుకోండి, పైపు మడతలు చిరుగుతాయి.